మేనల్లునికి లేఖ: ప్లేట్ల స్ప్రింగును గూర్చి

పావగడ.



నీ జాబు చేరినది. తిరుమణి ప్రాంతపు మీ పొలము, ఎకరమునకు ఏటా మొదట 21,000 రూపాయల కౌలుపై, 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు క్రిందికి పోయిన పిమ్మట, నీవు బెంగళూరు చేరి, కంపెనీ క్యాంటీనులో ప్లేట్లు కడుగు పనినుండి కౌంటరు బాధ్యతవఱకు ఎదిగితివని తెలిసి ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. ఇక నీ చిక్కు సంగతి. స్టీలు ప్లేట్లు తీసివేసి మెలమైను ప్లేట్లు తెచ్చిన నాటినుండి, స్ప్రింగులకు వ్రేలాడు పీఠముపై ప్లేట్లు పేర్చు డిస్పెన్సరును నిండుగా నింపినపుడెల్ల దొంతర అంచుకు జానెడు పైకి నిలిచి ఒరిగిపోవుచున్నదనియు, స్ప్రింగులు పాతబడినవి గనుక అన్నింటిని మార్పింపవలెనని మీ మెకానిక్కు పట్టుబట్టుచున్నాడనియు వ్రాసితివి.

అతని మాట నేనొప్పను. పాతబడిన స్ప్రింగు సాగి వదులగును గాని బిగియదు. వదులైనచో దొంతర లోనికి దిగబడవలెను గాని పైకి లేవరాదు. దోషము స్ప్రింగులది కాదు, పాత ప్లేటు బరువునకు కుదిర్చిన అమరికపై తేలికైన ప్లేటును పెట్టుటయే. భారము పెరిగినకొలది స్ప్రింగు అదే నిష్పత్తిలో సాగునని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రమే ఈ యంత్రమునకు ప్రాణము: ఒక ప్లేటు పెట్టినపుడు పీఠము సరిగా ఆ ప్లేటు దొంతరలో ఆక్రమించు ఎత్తు మేరకే దిగినచో, పది యున్నను ఏబది యున్నను పై ప్లేటు ఒక్కచోటనే నిలుచును, తీసుకొనువాడు వంగనక్కరలేదు.

కావున ముందుగా త్రాసు తెప్పించుము. పది ప్లేట్లు తూచి, పదకొండు ప్లేట్ల దొంతర ఎత్తునుండి ఒక్క ప్లేటు ఎత్తును తీసివేయుము. ఆ బరువు మూడు కిలోలు, ఆ ఎత్తు పది సెంటీమీటర్లు అయినదనుకొనుము. అప్పుడు సెంటీమీటరునకు 300 గ్రాముల బిగువు చాలును. తరువాత ఒక స్ప్రింగు ఊడదీసి, అర కిలో వ్రేలాడదీసి పొడవు కొలిచి, మరియొక కిలో చేర్చి అదనముగా ఎంత సాగెనో చూడుము. మొదటి అర కిలో ఎందుకనగా, చుట్లు ఒకదానినొకటి అదిమిపట్టి యుండుటచేత ఆరంభమున స్ప్రింగు తన స్వభావమును చూపదు. తరువాత చేర్చిన కిలోకు స్ప్రింగు ముప్పది సెంటీమీటర్లు సాగినచో తొమ్మిది స్ప్రింగులు సరిపోవును. మిగిలినవాని కొక్కెములు విప్పివేయుము. అయితే మూడు వైపులను మూడేసి చొప్పున ఉండవలెను సుమా! ఒక ప్రక్క నాలుగు, ఒక ప్రక్క రెండు తగిలించినచో పీఠము వాలి, తాను జారు కడ్డీలకు పట్టుకొనును.

కొలది ప్లేట్లతోను నిండు దొంతరతోను ఒకే కొలతలో తప్పుచున్నచో బిగువు సరియే, పీఠము నిలుచు ఎత్తునే సవరింపవలెను. నింపినకొలది తప్పు పెరుగుచున్నచో మాత్రమే స్ప్రింగుల సంఖ్య మార్చుము. అంతకుముందు ఖాళీ పీఠమును అరచేతితో మెల్లగా అదిమి, మెల్లగానే పైకి రానిమ్ము. మన బోరునీటివంటి గట్టినీరు అచ్చట కూడ ఉన్నచో కడ్డీలపై తెల్లని పొర కట్టి పీఠమును బిగబట్టును. దానిని తుడువక స్ప్రింగులను నిందించుట అన్యాయము. అదిమిన పీఠమును హఠాత్తుగా వదలితివా, వ్రేళ్ళు నలుగును. ప్లేట్లను వేడిచేయు రకమైనచో ప్లగ్గు తీసి చల్లారినపిదపనే చేయి పెట్టుము.

శ్రావణ శనివారములందు ఇచ్చటి శనిమహాత్ముని దర్శనమునకు వచ్చు జనసమ్మర్దమును, వారి భోజనమును చూచునపుడు, అరటియాకుకు ఏ స్ప్రింగును అక్కరలేదుగదా యని నాకు నవ్వు వచ్చును. కాని మీ క్యాంటీనులో ఆకు వేయుమని చెప్పజాలను.

విప్పిన స్ప్రింగులను పారవేయకుము. ఏ ప్లేట్లకు ఎన్ని తగిలించితివో చీటీ వ్రాసి, వానితో కూడ డబ్బాలో నుంచుము. మీ మేనేజరు మరల స్టీలునకు మారినచో అవియే కావలసివచ్చును. మీ అమ్మ నీ జాబుకై ఎదురుచూచుచున్నది, ఆమెకును రెండు ముక్కలు వ్రాయుము.

ఇట్లు,
మీ మామయ్య