పెద్దప్రేగు కేన్సర్: మిథైల్ గుర్తు చెప్పే కబురు

పెద్దప్రేగు కేన్సర్ ఒక్కరోజులో పుట్టేది కాదు. పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలై, కేన్సర్‌గా మారటానికి సాధారణంగా పదేళ్ళయినా పడుతుంది. ఆ వ్యవధిలో బుడిపెను తీసివేస్తే కేన్సర్ రానేరాదు. కాబట్టి ఏ పరీక్షనైనా అడగవలసిన ప్రశ్న: అది కేన్సర్‌ను పట్టగలదా అన్నది ఒక్కటే కాదు, బుడిపెను పట్టగలదా అని కూడా.

డి.ఎన్.ఏ.లోని నాలుగు క్షారాలలో సైటోసిన్ ఒకటి. దానికి ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువులు గల మిథైల్ సముదాయం అతుక్కోవటమే మిథైలేషన్. అక్షరం మారదు, దానిపై బొట్టు పెట్టినట్లవుతుంది. జన్యువు ఆరంభభాగంలో ఇటువంటి బొట్లు గుంపుగా పడితే ఆ జన్యువు మూగబోతుంది. కణవిభజనను అదుపు చేసే జన్యువులకు ఈ గతి పట్టడం కొన్నిసార్లు బుడిపె దశలోనే కనిపిస్తుంది.

ఈ బొట్టును చదవటానికి తోడ్పడినది సోడియం బైసల్ఫైట్. ఎండుపండ్ల రంగు చెడకుండా వాడే సల్ఫైట్ల కుటుంబానికి చెందిన చవక లవణమిది! మిథైల్ లేని సైటోసిన్‌ను ఇది యురాసిల్‌గా మార్చివేస్తుంది. మిథైల్ ఉన్నదానిని దాదాపుగా ముట్టుకోదు. కనిపించని గుర్తు అక్షరభేదంగా బయటపడుతుంది. ఈ మార్పు ఆధారంగా మిథైల్ గుర్తులను వరుసగా చదివే పద్ధతి 1992లో వెలువడింది.

2014లో అమెరికా ప్రభుత్వం ఆమోదించిన కొలోగార్డ్ మలపరీక్ష రెండు జన్యువుల మిథైలేషన్‌తోపాటు కొన్ని ఉత్పరివర్తనలనూ, రక్తపు జాడనూ వెదకుతుంది. సుమారు పదివేలమందిపై జరిపిన అధ్యయనంలో అది కేన్సర్లలో 92 శాతాన్ని, ముదిరిన బుడిపెలలో 42 శాతాన్ని పసిగట్టింది. 2024లో ఆమోదం పొందిన షీల్డ్ రక్తపరీక్ష మరొక అధ్యయనంలో కేన్సర్లలో 83 శాతాన్ని పట్టినా, ముదిరిన బుడిపెలలో 13 శాతాన్నే పట్టింది.

ఇంత తేడాకు కారణం లేకపోలేదు. బుడిపె ప్రేగు లోపలి వైపుకే పెరుగుతుంది. దాని కణాలు రాలేది మలంలోకి. కేన్సర్ గోడను తొలుచుకుని లోతుకు పోయేదాకా రక్తంలోకి చేరే తునకలు బహుస్వల్పం.

మలపరీక్ష అనగానే ముఖం చిట్లించి రక్తపరీక్షకే మొగ్గేవారు ఈ తేడాను తెలిసి ఎంచుకోవాలి. అసలు ఏ పరీక్షా చేయించుకోనివారికి రక్తపరీక్ష నిశ్చయంగా మేలే. అయితే "ఏమీ లేదు" అన్న ఫలితానికి బుడిపె లేదని అర్థం కాదు. "ఉంది" అని వస్తే కొలొనోస్కోపీ తప్పదు; కేన్సర్ లేనివారిలోనూ సుమారు పదిమందిలో ఒకరికి అలా వస్తుంది.

అమెరికాలో 2021 నుండి ఈ పరీక్షలను 45వ ఏటనే మొదలుపెట్టమంటున్నారు. మలంలో రక్తం పడుతున్నవారికి, తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి వచ్చినవారికి ఇవి ఉద్దేశించినవి కావు. వారు నేరుగా వైద్యుని వద్దకే వెళ్ళాలి.