మిత్రుడు మారునని ముందే తలంపవలెనా?

విద్యార్థులారా! మన షోలాపురపు భుయికోట ప్రక్కగా మీరెన్నియో మారులు నడచియుందురు. ఒక మహాసామ్రాజ్యము కూలిపోవుటలో ఈ కోటకును పాలు కలదని మీలో ఎందఱకు తెలియును? వీరుడైనవాడు తన మిత్రులు ఎదురు తిరుగుదురని ముందుగనే తలంచి ఉపాయము సిద్ధపఱచుకొనవలెనా? ఈ ప్రశ్నకు ఆ కోట కథయే మంచి పాఠము.

ఆరవీటి వంశపు అళియ రామరాయలు, సదాశివరాయలు సింహాసనమున నుండగా, విజయనగర రాజ్యాధికారమంతయు నడపెను. 1543లో గోలకొండ రాజకుమారుడు ఇబ్రహీం అన్నకు వెఱచి పాఱివచ్చినపుడు విజయనగరమున ఏడేండ్లు ఆశ్రయము పొందెను. తరువాత సుల్తానై, తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడని పేరొందినవాడు ఇతడే. బిజాపురపు అలీ ఆదిల్ షా, రామరాయల కుమారుడు మరణింపగా స్వయముగా పోయి పరామర్శించెననియు, రామరాయల భార్య ఆతనిని పుత్రునిగా చేకొనెననియు చరిత్రకారుడు ఫెరిస్తా వ్రాసెను.

ఇట్టి ఇరువురును 1565 జనవరి 23న రామరాయలకు శత్రుపక్షమున నిలిచిరి. ఏల?

షోలాపురము, కల్యాణి కోటలకై బిజాపుర, అహమ్మదునగర సుల్తానులు చిరకాలము పోరాడుచుండిరి. ఆ వైరమున్నంతకాలము ఆదిల్ షాకు రామరాయల తోడ్పాటు అవసరమయ్యెను. రామరాయలు తోడ్పడెను, జయమును గూర్చెను. కాని జయగర్వమున మిత్రుల రాయబారులను చులకన చేసెననియు, వారి భూములను సయితము కైకొనెననియు ఫెరిస్తా చెప్పుచున్నాడు. తుదకు సుల్తానులు తమలో తాము సంధి చేసికొనిరి. అహమ్మదునగరపు హుసేన్ నిజాం షా తన కుమార్తె చాంద్ బీబీని ఆదిల్ షాకిచ్చి, షోలాపుర కోటను కట్నముగా నొసగెను. కలహకారణమైన కోట పెండ్లికానుక యయ్యెను! రామరాయల మైత్రికి ఆధారమైన ముడి ఆనాడే వీడిపోయెను. యుద్ధమున రామరాయలు పట్టువడి చంపబడెను, ఆయన తమ్ముడు తిరుమలరాయలు పెనుగొండకు తరలిపోయెను, విజయనగరము పాడుపడెను.

అట్లయిన అందఱను అనుమానింపవలెనా? కాదని మా యభిప్రాయము. అమెరికాలో 2000లో వెలువడిన ఒక చిత్రకథలో బ్యాట్‌మన్ అను వీరుడు, తన తోడి వీరులు చెడిపోయిన యెడల వారిని లొంగదీయు ఉపాయములను రహస్యముగా వ్రాసియుంచెను. శత్రువు వానిని దొంగిలించి ఆ వీరులపైననే ప్రయోగించెను. ఆపద తొలగినను, సహచరులకు ఆతనిపై నమ్మకము పోయెను. రామరాయలు ఏమఱుపాటుచే చెడెను. బ్యాట్‌మన్ రహస్యముచే చెడెను.

మఱి మార్గమేది? మన మగ్గమునే చూడుడు. నేతగాడు పడుగునకు గంజి పెట్టును. అది దారమును అవమానించుట కాదు. ఒరపిడికి ఓర్చుకొను బలము నిచ్చుట. ఇరువురు కలిసి మగ్గములు పెట్టుకొన్నచో నూలు తూకమును, కూలిని ఇరువురును చూచు పుస్తకమున వ్రాసికొనుట మేలు. ఇదియు ముందుచూపే, కాని బహిరంగమైనది, ఇరువురకును సమానమైనది. కనుక అది స్నేహమును చెఱుపక కాపాడును.

కావున వీరుడు మూడు పనులు చేయవలెను: మైత్రికి ఆధారమేమో ఎఱిగియుండవలెను, ఆ ఆధారము మారినపుడు గుర్తింపవలెను, బలము కలదని మిత్రుని చులకన చేయరాదు. మూడవది తప్పిన, మొదటి రెండును కాపాడజాలవు. తల్లిదండ్రులు పిల్లలకు "ఎవ్వరిని నమ్మకుము" అని బోధించుటకు మాఱుగా ఈ మూడింటిని నేర్పుదురుగాక యని కోరుచున్నాము.

ఆలోచింపుడు:
1. షోలాపుర కోట కట్నమైన వార్త విన్ననాడు రామరాయలు ఏమి చేసియుండవలసినది?
2. మిత్రునకు చూపదగిన జాగ్రత్తకును, చూపరాని జాగ్రత్తకును భేదమేమి?