నీటి దగ్గర ఒక కన్ను పిల్లల మీదే

శ్రీ సిటీ చుట్టుపక్కల కుటుంబాలు విహారానికి దూరం పోనక్కరలేదు. చలికాలంలో పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు వస్తాయి. నేలపట్టు చెరువు చెట్లపై గూడబాతులు పిల్లల్ని పెంచుతాయి. వానలు పడ్డాక వరదయ్యపాళెం దగ్గర ఉబ్బలమడుగు జలపాతం నిండుగా దూకుతుంది. ఇలాంటి చోట్ల నడక ఇంటిల్లిపాదికీ ఆరోగ్యమే.

అయితే ఉబ్బలమడుగు పేరులోనే మడుగు ఉంది. మోకాలి లోతు నీరు ఒక్క అడుగు తేడాలో నిలువు లోతు కావచ్చు. పాచి పట్టిన బండలు జారతాయి. మునిగే బిడ్డ చాలాసార్లు కేక కూడా వేయలేదు.

గుర్తుంచుకోండి:

1. పిల్లలను చూడడమే పనిగా పెద్దవారు ఒకరు ఉండాలి. వంట, ఫోను, కబుర్లు వారికి వద్దు.

2. నీరు బురదరంగుకు మారినా, పెరిగినా వెంటనే గట్టెక్కండి. అటవీశాఖవారు వద్దంటే లోపలికి వెళ్లకండి.

3. ఈత రానివారు దూకకూడదు. కర్రో, తాడో, చీరో అందించండి.

4. బయటకు తీశాక ఊపిరి ఆడకపోతే పొట్ట నొక్కి నీరు కక్కించకండి. వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో 5 సార్లు ఊపిరి ఊదండి. తరువాత రొమ్ము మధ్య 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదండి. 108 వచ్చేవరకు ఇలాగే చేయండి.

5. బిడ్డ తేరుకున్నా ఆసుపత్రిలో చూపించండి. కొన్ని గంటల తరువాత ఆయాసం రావచ్చు.