పచ్చ దీపాలకు మార్కులు వేయకు



బిడ్డా, హుస్సేనీ ఆలం మహిళా డిగ్రీ కాలేజీలో నెట్‌వర్కింగ్ ప్రాక్టికల్స్ నీ చేతికి వచ్చాయని తెలిసి సంతోషించాను. పరీక్ష ప్యాకెట్ ట్రేసర్‌లో పెడతానన్నావు. మంచిదే. తరగతి మొత్తానికి తలా ఒక రౌటర్, తలా ఒక స్విచ్ ఏ కాలేజీ కొనగలదు? సిస్కో అకాడమీ వాళ్ల ఈ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని పెట్టుకున్నా ఖర్చు లేదు, పాడైనా నష్టం లేదు.

అయితే ఒక్క మాట. అందులోని యాక్టివిటీ విజార్డ్‌లో నువ్వు సరైన నెట్‌వర్క్ కట్టి పెడితే, పిల్లలు కట్టినదాన్ని దానితో సరిచూసి శాతం చూపిస్తుంది. ఆ శాతాన్నే మార్కులుగా వేసేయకు. కమాండ్లు బట్టీ పట్టినా నూటికి నూరు వస్తుంది. వేరే దారిలో సరిగ్గా చేసిన పిల్లకు తగ్గనూవచ్చు.

అందుకే నెట్‌వర్క్ కట్టమనకు, చెడిపోయినదాన్ని బాగుచేయమను. ఖిల్వత్‌లో మీకు దగ్గరే ఉన్న చౌమహల్లా ప్యాలెస్‌కని ఊహించి ఒకటి తయారుచెయ్యి. టికెట్ కౌంటర్ వీలాన్ 10, ఆఫీసు వీలాన్ 20. ఆఫీసు పీసీ పోర్టును 10లో పడెయ్యి. కౌంటర్ పీసీకి గేట్‌వే 192.168.10.1 బదులు 192.168.10.11 ఇవ్వు. తెర మీద లింకుల దీపాలన్నీ పచ్చగానే వెలుగుతాయి, ఆఫీసుకూ కౌంటర్‌కూ మధ్య మాత్రం కబురు వెళ్లదు. తెలివి బయటపడేది అక్కడే.

పిల్ల మొదట ఏం చేస్తుందో గమనించు. పక్క పీసీకి, తర్వాత గేట్‌వేకు, ఆ తర్వాత బయటికి పింగ్ చేస్తూ తప్పును దగ్గరికి తెచ్చుకుంటుందా? సిమ్యులేషన్ మోడ్‌లో ప్యాకెట్‌ను చూపే కవరు ఎక్కడ ఆగిందో చూస్తుందా? లేక దొరికిన సెట్టింగునల్లా మారుస్తుందా? మొదటి పింగ్‌కు ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ వచ్చి, తర్వాతవి వెళ్తే కంగారుపడని పిల్లను ఎందుకని అడుగు. ఏఆర్‌పీ సంగతి చెప్పిందంటే లోపల ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు. స్విచ్ దీపం అరనిమిషం నారింజ రంగులో ఉంటే ఎదురుచూసే పిల్లనూ అలాగే అడుగు, స్పానింగ్ ట్రీ పేరు రావాలి.

మార్కుల్లో సగం వెతికిన తీరుకు, సగం ఫలితానికి ఉంచు. పక్కవాళ్ల జవాబు చూసి రాయకుండా విజార్డ్‌లోని వేరియబుల్స్‌తో ఒక్కొక్కరికి ఒక్కో అడ్రస్ ఇవ్వు. పరీక్ష తర్వాత మూడు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పించు. ఉర్దూలో చెప్పినా, తెలుగులో చెప్పినా సరే, నువ్వు కొలిచేది ఇంగ్లీషును కాదు.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లకు ఈ సాఫ్ట్‌వేర్ కిటికీలు, బటన్లు అలవాటై ఉంటాయి. లేని పిల్ల వాటి దగ్గరే తడబడితే నెట్‌వర్కింగ్ రాదనుకుంటాం. మార్కులు లేకుండా ముందు ఒక వారం అందరినీ దానితో ఆడుకోనివ్వు.

తెర మీది కేబుల్ ఎప్పటికీ వదులుకాదు. కనుక ఏడాదిలో ఒక్కసారైనా తలా ఒక ముక్క ఇచ్చి ఆర్‌జే-45 క్రింపింగ్ చేయించు. రంగుల వరస తప్పితే ఏమవుతుందో టెస్టరే చెబుతుంది.

ముందుగా నువ్వు చెడగొట్టిన ఫైలొకటి నాకు పంపు. తప్పెక్కడుందో మాత్రం చెప్పకు. నా మార్కులు కూడా నువ్వే వెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య