వరిపొలంలో నిశాచరి: కాండం తొలుచు పురుగు

దీపశిఖ చుట్టూ పరిభ్రమించి ప్రాణమర్పించే పర్వానాను ఉర్దూ కవులు ప్రేమికునికి ప్రతీకగా నిలిపారు. తెలుగు సాహిత్యానికి కూడా శలభం చిరపరిచితమే. అయితే వరి పండే ప్రాంతాలలో దీపాల వద్ద మూగే శలభాలలో రైతును కంట తడి పెట్టించేది ఒకటి ఉన్నది. రైతులు దానిని మొగిపురుగు అనీ, కాండం తొలుచు పురుగు అనీ పిలుస్తారు. శాస్త్రీయ నామం సిర్పోఫేగా ఇన్సర్టులాస్.

రూపురేఖలు

ఇది సుమారు సెంటీమీటరున్నర పొడవు గల చిన్న కీటకం. ఆడ శలభం ఎండుగడ్డి వంటి పసుపు వర్ణంలో ఉంటుంది. దాని ముందు రెక్కలు ఒక్కొక్కదానిపై ఒక నల్లని చుక్క స్పష్టంగా కనిపిస్తుంది. మగది ఇంకా చిన్నది, బూడిద గోధుమ వర్ణం గలది. పగలంతా ఇవి వరి దుబ్బులలో కదలక కూర్చుంటాయి. చీకటి పడిన తరువాతనే వాటి సంచారం, సంయోగం, గుడ్లు పెట్టడం సాగుతాయి. ఆడ శలభం వెదజల్లే సూక్ష్మమైన వాసనను పసిగట్టి మగది చేరుకుంటుంది.

ఇవి దీపం వద్దకు ఎందుకు వస్తాయి? ఎగిరే కీటకాలు వెలుగున్న వైపునకు వీపు త్రిప్పుకొని ఎగురుతాయని, అందువల్లనే కృత్రిమ దీపాల చుట్టూ చిక్కుకొని తిరుగుతాయని 2024లో వెలువడిన ఒక పరిశోధన వివరించింది.

జీవిత చక్రం

రెక్కల శలభం వరిమొక్కను కొరకదు. దాని జీవితం కొద్ది రోజులే, సంతానోత్పత్తియే దాని పని. ఆడది ఆకు కొనల దగ్గర గుడ్లను గుంపుగా పెట్టి, తన శరీరపు నూగుతో వాటిని కప్పివేస్తుంది. సుమారు వారం రోజులలో పిల్ల పురుగులు వెలువడతాయి. అవి సన్నని పట్టుదారానికి వేలాడి, గాలికి ఊగుతూ ప్రక్క మొక్కలకు చేరుతాయి. పిదప ఆకు తొడిమలోనికి, అటనుండి కాండంలోనికి తొలుచుకొని పోతాయి. సాధారణంగా ఒక కాండంలో ఒక పురుగే పెరుగుతుంది. ఎదిగిన పురుగు కాండానికి నిష్క్రమణ రంధ్రం ముందుగానే సిద్ధం చేసుకొని, లోపలనే కోశస్థ దశకు చేరుతుంది.

నష్టం

పైరు పిలకలు వేసే దశలో పురుగు సోకితే మొవ్వు ఎండిపోతుంది. పట్టుకొని లాగితే సులభంగా ఊడివస్తుంది. తొలి దశలో మొక్క కొత్త పిలకలతో ఈ లోటును కొంత పూడ్చుకోగలదు. ఈనిక దశలో సోకితే మాత్రం కంకి తెల్లబారి తాలు అవుతుంది. ఒకసారి తెల్లకంకి కనిపించిన తరువాత ఏ మందూ దానిలో గింజను నింపలేదు. అప్పు తెచ్చి మందు చల్లిన రైతుకు అప్పు మిగులుతుంది, ఫలితం దక్కదు.

నివారణ

శత్రువు కాండంలో చేరకముందే దానిని ఎదుర్కొనాలి. గుడ్లు ఆకు కొనల దగ్గర ఉంటాయి కనుక నారు కొనలు త్రుంచి నాటితే వాటిలో చాలా భాగం ఖర్చు లేకుండానే నశిస్తుంది. మగ శలభాలను ఆకర్షించే లింగాకర్షక బుట్టలు అమర్చితే పురుగు రాక ముందుగా తెలుస్తుంది. చదరపు మీటరుకు ఒక శలభం గాని, ఒక గుడ్ల గుంపు గాని కనిపిస్తే జాగ్రత్త పడవలెనని శాస్త్రజ్ఞులు చెబుతారు. ట్రైకోగ్రామా అనే అతి సూక్ష్మమైన కందిరీగ జాతి కీటకం ఈ శలభపు గుడ్లలోనే తన గుడ్లు పెట్టి వాటిని నాశనం చేస్తుంది. సాలెపురుగులు, తూనీగలు కూడా రైతు మిత్రులే. విచక్షణ లేకుండా చల్లే మందులకు మొదట బలి అయ్యేవి ఇవే. కోత తరువాత మోళ్లలో పురుగు దాగి ఉంటుంది కనుక వెంటనే దున్నడం మేలు.

వరి పరిశోధనకు హైదరాబాదులోని రాజేంద్రనగర్, పశ్చిమ గోదావరి జిల్లాలోని మారుటేరు ప్రసిద్ధి చెందినవి. అయినా ఈ పురుగును పూర్తిగా తట్టుకొనే సాగు వరి రకం లభించలేదు. కనుక దాని అలవాట్లను ఎరిగి ఉండుటయే నేటికీ మొదటి ఆయుధం.

మన విద్యార్థులలో వ్యవసాయ కుటుంబాల నుండి వచ్చినవారు ఉన్నారు. నాట్లకు ముందు నారుమడి గట్టున నిలిచి, ఆకు కొనలపై నూగు కప్పిన ఆ చిన్న మచ్చను గుర్తించి పెద్దలకు చూపగలిగితే, జీవశాస్త్ర పాఠం మన ఇంటి గాదెకు మేలు చేసినట్లే.