మంచు త్రోవలు – వేగపు కార్లు – తగిన టైర్లు

మన ప్రాంతములందు చలికాలము వచ్చినచో కంబళ్లను బయటికి తీయుదుము గాని బండి చక్రములను మార్చుకొనము. ఐరోపా ఖండమునందలి జర్మనీ, ఆస్ట్రియా, స్వీడను, ఫిన్లాండు మొదలగు దేశములలో ఆచారము వేరు. అచ్చట చలి మొదలగుచుండగనే వేసవి టైర్లను విప్పి శీతకాలపు టైర్లను బిగింతురు. అక్టోబరు నుండి ఈస్టరు పండుగ వరకు ఇవి ఉండవలెనని జర్మనులలో ఒక నానుడి కలదు. తెలుగు పిల్లలనేకులు నేడు చదువులకును ఉద్యోగములకును ఆ దేశములకు పోవుచున్నారు. కొందరు వేగముగల కార్లపై ముచ్చటపడి కొనుచున్నారు. మంచు నెన్నడు నెరుగనివారు మంచుపై కారు నడుపుట ప్రాణముతోడి పని. కావున దీనిలోని శాస్త్రమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపనెంచితిమి.

1. నాలుగు అరచేతుల చోటు

కారెంత పెద్దదైనను నేలను తాకునది నాలుగు టైర్లు మాత్రమే. ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు సుమారుగా మన అరచేయంత యుండును. బయలుదేరుట, మలుపు తిరుగుట, ఆగుట అను మూడు పనులును ఆ నాలుగు చోట్ల ఘర్షణ వలననే జరుగవలెను. ఇంజనులో మూడువందల గుఱ్ఱముల బలమున్నను, టైరు నేలను పట్టనిచో ఆ బలము చక్రమును ఊరక త్రిప్పునే గాని కారును నడుపజాలదు.

2. చలి రబ్బరును ఏమి చేయును?

చలికాలపు ఉదయమున సీసాలోని కొబ్బరినూనె గడ్డకట్టుట మీరెరిగినదే. రబ్బరు అట్లు గడ్డకట్టదు గాని, చలి హెచ్చిన కొలది బిరుసెక్కును. ముడి రబ్బరు ఎండకు జిగటయై, చలికి పెళుసై యుండెడిది. 1839లో చార్లెస్ గుడ్‌యియర్ అను అమెరికా దేశస్థుడు దానిని గంధకముతో కలిపి కాచి, ఈ లోపమును చాలవరకు పోగొట్టెను. అయినను ప్రతి రబ్బరు మిశ్రమమునకు తగిన వేడిమి యొకటి నేటికిని కలదు.

వేగపు కార్లకు వేసవిలో వేయు టైర్ల మిశ్రమము, కాగిన రోడ్డుపై మెత్తబడకుండ గట్టిగా నిలుచునట్లు చేయబడినది. చలిలో ఈ గుణమే దోషమగును. టైరు బిరుసెక్కి, రోడ్డుమీది సన్నని ఎగుడుదిగుడులను పట్టుకొనజాలదు. శీతకాలపు టైరు మిశ్రమము చలిలోను మెత్తగా ఉండును. వేడిమి 7 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గినచో టైర్లు మార్చవలెనని ఒక అంచనా వాడుకలో నున్నది. ఇది ప్రకృతి నియమము కాదు. సులభముగా గుర్తుంచుకొనదగిన హద్దు మాత్రమే.

రెండవ భేదము గాడులలో కలదు. శీతకాలపు టైరు పైపొరపై కత్తితో గీసినట్లు అసంఖ్యాకములైన సన్నని చీలికలుండును. వరిచేని గట్టుపై బురదలో నడుచువాడు కాలివ్రేళ్లను నేలకు ఒత్తి నడుచును గదా! ఆ చీలికల అంచులును మంచును అట్లే పట్టుకొనును. గాడులలో ఇరుకుకొన్న మంచు నేలమీది మంచును పట్టుకొని మరికొంత ఆధారమిచ్చును.

ఫిన్లాండులోని నోకియా పట్టణపు రబ్బరు కర్మాగారము ఇట్టి టైర్లను 1934లో లారీలకును, 1936లో కార్లకును తయారుచేసెను.

3. ఒక చిన్న లెక్క

బ్రేకు వేసిన పిదప కారు పోవు దూరమును కనుగొనుటకు వేగముయొక్క వర్గమును, ఘర్షణ గుణకమును గురుత్వ త్వరణమును గుణింపగా వచ్చిన దానికి రెట్టింపుచే భాగింపవలెను. గంటకు 50 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 13.9 మీటర్లు. దాని వర్గము 193. ఘర్షణ గుణకము పొడి రోడ్డుపై 0.8, గట్టిపడిన మంచుపై 0.3, నున్నని మంచుగడ్డపై 0.1 అనుకొందము. అప్పుడు కారు ఆగుటకు పొడి రోడ్డుపై సుమారు 12 మీటర్లును, మంచుపై 33 మీటర్లును, మంచుగడ్డపై 98 మీటర్లును పట్టును. వేగము రెట్టింపైనచో ఈ దూరములు నాలుగింతలగును.

విద్యార్థులు ఒక సంగతిని గమనింపవలెను. ఈ సూత్రములో ఇంజను బలమునకు చోటు లేదు. కారు వెలకును చోటు లేదు. నాలుగు చక్రములకును ఇంజను బలమందు కారు మంచుపై సులభముగా బయలుదేరును. కాని ఆగునప్పుడు దానికి ఆ మేలు లేదు. సులభముగా బయలుదేరినవాడు సులభముగా ఆగగలనని భ్రమపడుటయే పెద్ద అపాయము.

4. వెడల్పా? సన్నమా?

వేగపు కార్లకు వెడల్పైన టైర్లును, పెద్ద రిమ్ములును అందము. శీతకాలమున ఒక మెట్టు దిగుట మేలు. సన్నని టైరు మెత్తని మంచును, నీరు కలిసిన మంచును చీల్చుకొని పోవును. వెడల్పైనది వానిపై తేలుటకు చూచును. చిన్న రిమ్ముపై టైరు ప్రక్కగోడ ఎత్తుగా నుండును గనుక మంచు క్రింద దాగిన గుంతల దెబ్బ రిమ్మునకు తక్కువగా తగులును. పొడి రోడ్డుపై మలుపులలో వెడల్పు టైరుకు గల చురుకుదనము కొంత తగ్గును. ఆ నష్టమును ఓర్చుకొనవలెను.

ఉదాహరణకు 225/40 ఆర్ 18 టైరును తీసికొందము. వెడల్పు 225 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 40 వంతులు, అనగా 90. రిమ్ము 18 అంగుళములు, అనగా 457.2. మొత్తము వ్యాసము 90 + 90 + 457.2 = 637.2 మిల్లీమీటర్లు. ఇక 205/50 ఆర్ 17 టైరునకు 102.5 + 102.5 + 431.8 = 636.8. వెడల్పు 20 మిల్లీమీటర్లు తగ్గినను వ్యాసము మారలేదనవచ్చును. కావున వేగమును చూపు ముల్లు తప్పు చెప్పదు. అయినను వేగపు కార్ల బ్రేకులు పెద్దవి. చిన్న రిమ్ము వానికి తగులవచ్చును. కారు పత్రములలో అనుమతింపబడిన కొలతలనే ఎన్నుకొనవలెను.

5. టైరుపై వ్రాతను చదువుట

మూడు శిఖరముల కొండయు, దాని నడుమ మంచురేకయు గల గుర్తు ముఖ్యమైనది. మంచుపై నిర్ణీత పరీక్షలో నెగ్గిన టైరునకే ఈ గుర్తు లభించును. ఎమ్, ఎస్ అను అక్షరములు తయారుచేయువాడు తానుగా వేసికొనునవి. జర్మనీలో మంచు పడిన రోడ్డుపై శీతకాలపు టైర్లు లేక నడుపరాదని 2010లో స్పష్టమైన నిబంధన వచ్చెను; 2024 అక్టోబరు నుండి కొండ గుర్తు గలవానినే అచ్చట శీతకాలపు టైర్లుగా ఎంచుచున్నారు.

కొలత ప్రక్కనున్న సంఖ్య టైరు మోయగల బరువును తెలుపును: 91 అనగా 615 కిలోలు, 93 అనగా 650 కిలోలు. దాని వెంటనున్న అక్షరము వేగపు హద్దు: హెచ్ 210, వి 240, డబ్ల్యు 270 కిలోమీటర్లు. జర్మనీలో కారు వేగముకన్న శీతకాలపు టైరు హద్దు తక్కువైనచో, ఆ హద్దును తెలుపు చీటిని నడుపువాని కంటికి కనబడునట్లు అతికింపవలెను. తయారైన కాలమును నాలుగంకెలు చెప్పును. 3524 అనగా 2024వ సంవత్సరపు 35వ వారము.

ఊరినిబట్టి కూడ ఎన్నిక మారును. జర్మనీలో శీతకాలమున తడి రోడ్లును, వేగపు రహదారులును ఎక్కువ. అందుకు తగినవి వి, డబ్ల్యు హద్దులు గల శీతకాలపు టైర్లు. ఫిన్లాండు ఉత్తరమున మంచుగడ్డయే రోడ్డు. అచ్చట మిక్కిలి మెత్తని టైర్లను గాని, ఇనుప మేకులు గల టైర్లను గాని వాడుదురు. జర్మనీలో మేకుల టైర్లు సాధారణముగా నిషిద్ధములు.

6. వాడుకలో జాగ్రత్తలు

నాలుగు టైర్లును ఒకే రకమువి వేయవలెను. రెండు మాత్రమే మార్చినచో కారు ఒక కొన పట్టి రెండవ కొన జారి, గిఱ్ఱున తిరుగవచ్చును. చలికి గాలి ముడుచుకొనును. వేడిమి 10 డిగ్రీలు తగ్గినచో ఒత్తిడి సుమారు 0.1 బారు తగ్గును. కావున గాలిని తరచు చూచుకొనవలెను. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లుండిన చట్టమునకు చాలుననుదేశములు కలవు గాని, 4 మిల్లీమీటర్లకు తగ్గిన టైరు మంచులో పనికిరాదని నిపుణుల మాట. ఆస్ట్రియా చట్టము ఆ 4 మిల్లీమీటర్లనే కోరును. రెండవ జత కొనుట దుబారా యనుకొనరాదు. ఒక జత నడుచునప్పుడు రెండవ జత అరుగక నిలిచియుండును.

విదేశమునందున్న బిడ్డ క్రొత్త కారు ఛాయాచిత్రము పంపినప్పుడు తల్లిదండ్రులు దాని రంగును మెచ్చుకొని, పిదప టైరుపై కొండ గుర్తున్నదా యని అడుగుదురుగాక. ఎంత మంచి టైరైనను మంచును పొడి రోడ్డుగా మార్చజాలదు. తగిన టైరు వేసికొని, వేగము తగ్గించి, ముందు కారునకు ఎడముగా పోవువాడే క్షేమముగా ఇల్లు చేరును.

అభ్యాసము

1. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు కారు గట్టిపడిన మంచుపై ఆగుటకు ఎన్ని మీటర్లు పట్టును?
2. 225/45 ఆర్ 17 టైరు వ్యాసమును లెక్కింపుడు.
3. నాలుగు చక్రములకును ఇంజను బలమందు కారు త్వరగా ఆగునా? కారణము వ్రాయుడు.