పగులు దాచిన ఇల్లు

పాఠభాగములు: యెహెజ్కేలు 13:10–15, రెండవ సమూయేలు 9వ అధ్యాయము, యోహాను 9:1–3



నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో నల్లరేగడి నేలమీద ఇల్లు కట్టుకొన్నవారికి గోడపగులు క్రొత్త సంగతి కాదు. వానకాలమున ఆ నేల నీరు త్రాగి ఉబ్బును. వేసవిలో బీటలువారి క్రుంగును. పైనున్న గోడ ఆ లాగుడుకు ఓర్వలేక కిటికీ మూలనుండి ఏటవాలుగా చీలును. సున్నపురాతికిని సిమెంటునకును పేరుపడిన జగ్గయ్యపేట దగ్గరనే యుండగా సిమెంటుకేమి కొరత? తాపీమేస్త్రిని పిలిచి పూత పూయింతుము. క్రిస్మసు పండుగకు ఇల్లు క్రొత్తదివలె కనబడును. మరుసటి వేసవికి ఆ పగులు పూతను కూడ చీల్చుకొని అదే చోట తిరిగి కనబడును. మంచి మేస్త్రి యైనచో గోడను ఎక్కువసేపు చూడడు. పునాది ఎంత లోతు తీసితిరి, గట్టినేల తగిలినదా లేదా అని అడుగును.

ఈ నెల పాఠమునకు మేము ఒక బొమ్మల చలనచిత్రమును తీసికొనుచున్నాము. సంఘపత్రికలో సినిమా ఏమిటని పెద్దలు అనుకొనవచ్చును. మన పిల్లలు ఇట్టి చిత్రములను ఫోనులలో చూచుచునే యున్నారు. అందులో ఏమున్నదో తెలియనివారము మనమే. అంతేగాక ఆదివార పాఠశాలలో కథ చెప్పువారును, కూటములలో సాక్ష్యము చెప్పువారును, కథ ఎట్లు కట్టబడునో తెలిసికొనుట మంచిది. మన ప్రభువు ఉపమానములతో బోధించెను గదా. ఏ సంగతి ముందు, ఏ సంగతి వెనుక అనుదానిని బట్టి కథ అర్థమే మారిపోవును. తప్పిపోయిన కుమారుని కథలో పెద్దకుమారుని అలుకను మొదటనే చెప్పినయెడల అది వేరొక కథ యగును.

చిత్రము పేరు ‘ఎన్‌కాంటో’. అమెరికాలోని డిస్నీ సంస్థవారు 2021 నవంబరులో దానిని విడుదల చేసిరి. 2022లో బొమ్మల చిత్రములలో ఉత్తమమైనదిగా అది ఆస్కారు బహుమతి పొందెను. కథ జరుగు స్థలము దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున కొండల నడిమి పల్లె.

ఆల్మా అను స్త్రీ ముగ్గురు పసిబిడ్డలతో, ఒకే కాన్పున పుట్టినవారితో, ఆయుధములు పట్టినవారికి వెరచి పారిపోవుచుండగా ఒక నదియొద్ద ఆమె భర్త పెద్రో చంపబడెను. ఆ గడియలో ఆమె చేతిలోని క్రొవ్వొత్తికి అద్భుతశక్తి కలిగెను; చుట్టును కొండలు లేచెను; ప్రాణముగల ఇల్లొకటి వారికి ఏర్పడెను. ఆ కుటుంబమున బిడ్డలకు ఐదవ యేట ఒక తలుపును ఒక వరమును దొరకును. ఒకతె తన వంటతో రోగము మాన్పును. ఒకతె పూలు పూయించును. ఒకతె వంతెననైనను ఎత్తి జరుపును. ఆల్మా మనుమరాలు మిరబెల్ అను పదునైదేండ్ల పిల్లకు మాత్రము ఏమియు దొరకలేదు. ఐదవ యేట ఆమె చేయి తగులగానే తలుపు మాయమయ్యెను.

సామాన్యమైన కథ యైనచో ఇక ముందు జరుగునది మనకు తెలిసినదే. ఎవరును లెక్కచేయని కడగొట్టు బిడ్డ చివరకు అందరికంటె గొప్ప వరము సంపాదించును, వెక్కిరించినవారు తలవంచుకొందురు. ఈ కథ అట్లు పోలేదు. చివరివరకు మిరబెల్‌కు ఏ వరమును రాలేదు. కథ కట్టినవారు ప్రశ్ననే మార్చివేసిరి. ఈ పిల్లకు ఏమి తక్కువైనదని మొదలైన కథ, ఈ ఇంటికి ఏమి వచ్చినదని తిరిగెను. ఆ మలుపులోనే ఈ కథ బలమంతయు నున్నది.

మలుపు వచ్చు చోటు చూడుడు. ఐదేండ్ల తమ్ముడు ఆంటోనియోకు వరము దొరకిన రాత్రి ఇంటినిండ చుట్టములు, ఊరివారు సంతోషించుచుండగా, గోడలు పగులుటయు క్రొవ్వొత్తి కొట్టుకొనుటయు మిరబెల్ ఒక్కతె చూచెను. పరుగెత్తి చెప్పగా, అమ్మమ్మ అందరి యెదుట ఇంటికేమియు కాలేదని అనెను. ఆ రాత్రియే ఆమె ఒంటరిగా భర్త పటము ముందు నిలిచి, పగుళ్ల సంగతి తనకు తెలియునని కన్నీళ్లతో చెప్పుకొనెను. ఊరివారి ముందు ఒక మాట, తలుపు వేసికొన్న తరువాత ఒక మాట. యెహెజ్కేలు కాలమున ప్రవక్తలమని చెప్పుకొన్నవారు బలములేని గోడకు గచ్చు పూసి, సమాధానము లేని చోట సమాధానమని చెప్పిరి. వాన కురియగానే ఆ గోడ పడునని దేవుడు సెలవిచ్చెను. గోడ బలహీనమగుట ఒక్కటే అక్కడ నేరము కాదు. పూత పూసి ప్రజలను ఆ గోడక్రింద నిలువనిచ్చుట పెద్ద నేరము.

తరువాత వెదకుట ఆరంభమగును. ఇక్కడ మన ఏడు చేపల కథ జ్ఞాపకమునకు వచ్చును. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తెచ్చిరి. అందులో ఒకటి ఎండలేదు. ఎందుకు ఎండలేదని అడిగిన, చేప గడ్డిమోపు మీద చెప్పెను. గడ్డిమోపు ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అన్నము పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన బిడ్డ మీద, బిడ్డ కుట్టిన చీమ మీద. చీమ తన బంగారు పుట్టలో వ్రేలు పెట్టినందుకు కుట్టితినని న్యాయము చెప్పుకొనెను. మనము చిన్ననాట నవ్వుకొనుచు విన్న ఆ కథలో ఒక సంగతి గమనింపము: చివరకు ఆ చేపను ఎండలో వేసినవారు ఎవరును లేరు! నెపము మాత్రము ఇల్లంతయు తిరిగి వచ్చెను.

ఎన్‌కాంటో కథయు అదే వరుసలో కట్టబడినది. మిరబెల్ మొదట అక్క లూయిసాను అడిగెను. అందరి బరువులు మోయు ఆ బలశాలిని, మోయలేకపోదునేమో అని లోలోపల భయపడుచున్నానని ఒప్పుకొనెను. ఆమె మాట పెదమామ బ్రూనో గదివైపు చూపెను. అక్కడ దొరికిన దర్శనములో పగిలిన ఇంటి ముందు మిరబెల్ బొమ్మయే కనబడెను. వరుస తిరిగి తిరిగి నిందను ఆ పిల్ల మీదికే తెచ్చెను. పుట్టు గ్రుడ్డివాని చూచి శిష్యులు ప్రభువును అడిగినదియు ఇదే వరుస గదా: పాపము వీనిదా, కన్నవారిదా? ప్రభువు ఆ వరుసనే త్రెంచివేసెను. ఎవని పాపమో చెప్పక, దేవుని క్రియలు ఇతనియందు కనబడవలెనని చెప్పి, బురద చేసి కన్నులకు పూసెను. ఎండని చేపను ఎండలో వేసినవాడు ఆయనయే.

బ్రూనో సంగతి యొద్ద కొంచెము నిలువవలెను. అతడు జరుగబోవు కీడును ముందు చూచువాడు; గనుక ఊరివారికి అయిష్టుడు. పది సంవత్సరముల క్రిందట మిరబెల్‌కు నింద రాకుండ ఆ దర్శనపు పలకను పగులగొట్టి మాయమయ్యెను. ఇంటిలో అతని పేరెత్తకూడదు. అయితే అతడు ఎక్కడికిని పోలేదు. ఆ ఇంటి గోడల వెనుకనే ఎలుకలతో కాపురముండి, లోపలినుండి పగుళ్లకు పూత పూయుచుండెను. భోజనపు గది గోడకు అవతల ఒక చిన్న బల్ల పెట్టుకొని, దానిమీద తన కంచమును బొమ్మగా వ్రాసికొని, గోడకు ఇవతల ఇంటివారు భుజించునప్పుడు తానును వారితో కూర్చున్నట్లు తినుచుండెను. బొమ్మల చిత్రమే గాని, ఈ ఘట్టమును చూచి పెద్దలు కన్నీరు పెట్టినను వింతలేదు.

మన ఇండ్లలో అట్టి బల్లలు లేవా? అయ్యగారు దర్శనమునకు వచ్చినప్పుడు మాట రాని బిడ్డను వెనుక గదిలో కూర్చుండబెట్టుట యున్నది. త్రాగుడు అలవాటైన కొడుకును గూర్చి అడిగిన ‘ఊరికి పోయినాడండి’ అనుట యున్నది. అత్తవారింటినుండి తిరిగి వచ్చిన కూతురు ఆదివారము గుడికి రాక, గోడ ప్రక్కనుండి పాటలు వినుట యున్నది. సంఘము ఏమనుకొనునో అని భయము. ఆ భయమునకు సంఘమును కొంత కారణమని ఇక్కడ వ్రాయక తప్పదు. పరిశుద్ధులు మాత్రమే కూర్చుండు స్థలమువలె మనము బెంచీలను వేసికొంటిమి.

రెండవ సమూయేలు తొమ్మిదవ అధ్యాయమును ఈ కథ ప్రక్కన పెట్టి చదువుడు. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు ఐదేండ్ల వాడై యున్నప్పుడు దాది అతని ఎత్తుకొని పారిపోవుచుండగా పడి కుంటివాడయ్యెను (4:4). మిరబెల్ తలుపు మాయమైన యీడును అదియే. దావీదు విచారింపగా సీబా యిచ్చిన జవాబు చూడుడు: పేరు చెప్పలేదు, కాళ్ల సంగతి చెప్పెను. దావీదు ఆ కాళ్లను గూర్చి ఒక్క ప్రశ్నయు వేయలేదు. ఎక్కడ ఉన్నాడని మాత్రమే అడిగెను. లోదెబారునుండి అతనిని రప్పించి, రాజకుమారులవలె తన బల్లయొద్ద నిత్యము భుజింపజేసెను. మా దృష్టికి ఆ అధ్యాయములో మిక్కిలి విలువైనది చివరి మాట. ఇంత మేలు జరిగిన పిమ్మట కథకుడు మరల అతని రెండు కాళ్లును కుంటివేయని చెప్పి ముగించెను. కాళ్లు బాగుపడలేదు. చోటు మారినది. గోడకు అవతలి బల్లనుండి రాజు బల్లకు వచ్చెను.

ఈ కొలతతో చూచిన, ఎన్‌కాంటో ముగింపు కొంచెము బలహీనమైనదని మా అభిప్రాయము. దానికి ముందున్న భాగము మాత్రము గొప్పది. పూలరాణివంటి అక్క ఇసబెలా, కుటుంబము కొరకు ఇష్టములేని పెండ్లికి ఒప్పుకొంటినని కోపములో నోరు జారెను; ఆ క్షణమున ఆమె చేతినుండి పువ్వునకు బదులు ముండ్ల జెముడు మొలిచెను. దానిని చూచి ఆమె సంతోషించెను. ఇంటి పగుళ్లు కూడుకొనసాగెను. అమ్మమ్మ వచ్చి అది చూడక మిరబెల్‌ను నిందించెను. నేనెన్నటికిని నీకు చాలినదానను కానని మిరబెల్ ఎదురు చెప్పెను. ఇల్లు కూలెను, క్రొవ్వొత్తి ఆరిపోయెను, అందరి వరములును పోయెను. పారిపోయిన మనుమరాలిని, భర్త చనిపోయిన ఆ నదియొద్దనే అమ్మమ్మ కనుగొనెను. అక్కడ ఆమె తన దుఃఖమును మొదటిసారి పూర్తిగా చెప్పి, రెండవసారి కూడ అన్నియు పోవునేమో అను భయముతో మిమ్మును గట్టిగా బిగించితిని, ఇల్లు విరిగినది నావలననే అని ఒప్పుకొనెను. చేపల కథలో ఎవరును చెప్పని మాట అది. నెపము ఆమెయొద్ద ఆగిపోయెను. బ్రూనోయు అక్కడికే గోడల వెలుపలికి వచ్చెను.

వరుసను గమనింపుడు. ఇల్లు తిరిగి కట్టబడక ముందే ఒప్పుకోలు జరిగెను. క్రొత్త ఇల్లు చూచిన తరువాత క్షమాపణ అడిగినయెడల అది మర్యాద మాత్రమే యగును. అంతవరకు ఈ కుటుంబము సహాయమును పొందుచుండిన ఊరివారు రాళ్లు, కర్రలు తీసికొని కట్టుటకు వచ్చిరి. 2024 సెప్టెంబరు వరదలను చూచిన మన ప్రాంతమువారికి, నీరు తీసిన తరువాత పొరుగువారు పారలు పట్టుకొని వచ్చుట ఎట్టిదో చెప్పనక్కరలేదు. అక్కడనే కథ ముగిసినచో ఎంత బాగుండెడిది! కాని మిరబెల్ తలుపు పిడి అమర్చగానే ఇంటికి ప్రాణము వచ్చి, అందరి వరములును తిరిగి వచ్చెను. పిల్లల చిత్రము గనుక ఆ సంతోషము పెట్టిరి కాబోలు. మెఫీబోషెతు కథను వ్రాసినవాడు అట్టి ఓదార్పు ఇవ్వలేదు. మరియొక భేదమును చెప్పవలెను. ఆ కుటుంబపు అద్భుతము క్రొవ్వొత్తిలో నున్నది, దానిని ఇచ్చినవాడెవడో కథలో లేదు. మనకు ఇచ్చినవాడు తెలియును.

మన సంఘముల కథలను చెప్పుటలో కూడ ఈ కట్టుబడి విషయము అక్కరకు వచ్చును. నందిగామ ప్రాంతమున రాఘవాపురపు పాగోలు వెంకయ్య 1859లో డార్లింగు దొరవలన బాప్తిస్మము పొందిన సంగతి వార్షికోత్సవములలో చెప్పుకొందుము. మాలపల్లెలో పుట్టిన ఆ మనుష్యునివలన సువార్త ఈ మెట్టప్రాంతపు పల్లెలలో వ్యాపించెనని గర్వపడుదుము. అయితే అంతకు ముందు సుమారు పది సంవత్సరములు ఆయన విగ్రహములను విడిచి, పేరైనను తెలియని దేవునికి, నీవెవరవు, ఎక్కడ నున్నావని ప్రార్థించుచుండెను. నేర్పినవారు లేరు, గ్రంథము లేదు. ఆ పది యేండ్లను మనము ఒక్క మాటలో దాటి బాప్తిస్మమునకు పరుగెత్తుదుము. పేరు తెలియని ఆ కొరతగల ప్రార్థనను దేవుడు వినుచునే యుండెను. ప్రార్థన చేయుట చేతకాదని వెనుక వరుసలో మౌనముగా కూర్చుండు మన సహోదరులకు, బాప్తిస్మపు దినముకంటె ఆ పది యేండ్ల కథయే ఎక్కువ అవసరము. ఈసారి ఉత్సవములో చెప్పువారు నడిమి భాగమును విడువక చెప్పవలెనని కోరుచున్నాము.

ఆదివార పాఠశాల ఉపాధ్యాయులకు ఒక సూచన. ఈ చిత్రమును పిల్లలకు చూపదలచినచో, అది ఏ భాషలో దొరికినను, కథను ముందుగా తెలుగులో సగమువరకు చెప్పుడు. ఇల్లు కూలిన చోట చిత్రమును ఆపి, ఇల్లు పడగొట్టినది ఎవరని అడుగుడు. ఒకరు మిరబెల్ అందురు, ఒకరు అమ్మమ్మ అందురు, వాదించుకొననిండు. అప్పుడు యోహాను తొమ్మిదవ అధ్యాయమునుండి మొదటి మూడు వచనములు ఒక పిల్లవానిచేత చదివించి, మరేమియు చెప్పక మిగిలిన చిత్రమును చూపుడు. గుడికి రాలేని బిడ్డ మీ పల్లెలో ఎవరింట నైన నున్నయెడల, ఆ తలిదండ్రులు ఒప్పుకొన్నచో, చిత్రమును గుడిలో గాక ఆ ఇంటి వసారాలో చూపుడు. చాపలు మీరే తీసికొనిపోవుడు. ఆ బిడ్డను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు.